గాలిమోటరు డైనమో

మా షాపుకి వచ్చే బండ్లేందో ముందుగాల చెప్త. ట్రాక్టర్లు, ఎనుమాములల మిర్చి దింపి వచ్చే లారీలు, డీసీఎంలు, ఆటోలు. కార్లోళ్ళు షోరూముకు పోయి, అక్కడ చెప్పిన బిల్లు చూసినంక మా దగ్గరికి వస్తరు. ములుగు రోడ్డు మీద 32 ఏండ్ల సంది ఇదే పని నాది: సెల్ఫ్ మోటర్లు, డైనమోలు, వైరింగు. బోర్డు మీద ఆల్టర్నేటర్ అని రాయించిన గని నోటికి డైనమో అనే వస్తది. ఇన్నేండ్లల విమానం మాత్రం రాలే. మొన్న జూన్‌ల అది గూడ వచ్చింది, వాట్సాప్ వీడియో కాల్‌ల.

మా అక్క కొడుకు టెక్సాస్‌ల ఉంటడు. చిన్నప్పుడు వాణ్ణి స్కూటర్ ముందట నిలబెట్టుకొని మామునూరు తీస్కపోయేటోన్ని. నిజాం జమానాల కట్టిన ఎయిర్‌పోర్టు అది. అప్పటికే విమానాలు బందయి చాన ఏండ్లయింది. రన్‌వే పక్కన మేకలు మేసేటివి. "మామా, గాలిమోటరు ఎప్పుడొస్తది?" అని అడిగేటోడు. "రేపొస్తది" అనేటోన్ని. నేను చెప్పిన రేపు ఎన్నటికీ రాకపాయె, ఇగ వాడే ఒకటి తయారు చేసుకున్నడు.

అవును, ఇంట్ల తయారు చేసుకున్నడు. అమెరికాల అది చట్టప్రకారమే నడుస్తది. సగం కంటె ఎక్కువ పని సొంతంగ చేసుకున్నోనికి, వాళ్ళ విమానాల శాఖ తనిఖీ చేసి కాగితం ఇస్తది. అల్యూమినియం రేకులు, రివిట్లు డబ్బాలల్ల పంపుతరు. ఈయన గ్యారేజీల కూసొని ఆరేండ్లు రివిట్లు కొట్టిండు. రెండు సీట్లు, ముందట లైకమింగ్ ఓ-320 ఇంజన్, నాలుగు సిలిండర్లు, 160 హార్స్‌పవర్. విమానం ఎక్కే కాడ పెద్ద అక్షరాలతోని 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాయాలె, అది రూలు. ఫొటోల ఆ మాట చూసి అక్క అర్థం అడిగితే నా భార్య "ప్రయోగం" అని చెప్పింది. ఆ పూట అక్క అన్నం ముట్టలే.

మొదటి 40 గంటలు ఒక్కడే, వాళ్ళు గీసిచ్చిన హద్దుల లోపల్నే తిప్పాలె. పక్క సీట్ల ఎవర్నీ కూసోబెట్టొద్దు. 14వ గంట కాడ తకరారు మొదలయింది.

మాకు రాత్రి తొమ్మిదైతె వానికి పొద్దున పదిన్నర. ఫోన్ చేసుడు చేసుడే ముఖం వేలాడేసుకొని ఉన్నడు.

"మామా, డైనమో పోయింది."

"ఎట్ల తెలుసు?"

"బ్రేకర్ పడిపోతాంది. పైకి పోయిన 20 నిమిషాలకు వోల్టేజి ఊగుతది, 14, 15, మల్ల 14. ఇగ టప్పుమని ఐదు ఆంపియర్ల బ్రేకర్ బయటికొస్తది. కిందికి దిగి చూస్తె అంత సక్కగ ఉంటది."

"ఇంజన్?"

"ఇంజన్‌కేం గాదు మామా. మ్యాగ్నెటోలు."

అక్క నా పక్కనే ఉన్నది. ఆమెకు ఈ ముక్క ముందుగాల అర్థం కావాలె, లేకుంటె ఫోన్ గుంజుకునేటట్టున్నది. "అక్కా, బావ బజాజ్ చేతక్ యాది ఉన్నదా? బ్యాటరీ లేకున్న కిక్ కొడితె స్టార్ట్ అయ్యేది గదా. ఇది గూడ గంతే. స్పార్కుకు కావల్సిన కరెంటు అదే పుట్టించుకుంటది. అసుంటివి రెండున్నయి." అక్క నమ్మినట్టే తల ఊపింది. అయితె నేను ఆమెకు చెప్పనిది ఒకటున్నది. ఇంజన్ ఆగదు గని రేడియో, తెరలు, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్, అన్ని బ్యాటరీ మీదనే. వాని బ్యాటరీ 17 ఆంపియర్ అవర్లది, అన్ని నడిస్తె గుంజేది 11 ఆంపియర్లు. కాగితం మీద గంటన్నర వస్తది. ఈ లెక్క మీద నమ్మకం పెట్టుకున్నోల్లు ఎందరో నా షాపు ముందట బండి నూకుకుంట వచ్చిండ్రు.

"ఇంతవరకు ఏమేం చేసినవ్?" అని అడిగిన.

"రెగ్యులేటర్ మార్చిన. మల్ల అదే. డైనమో మార్చిన. మల్ల అదే. ఇప్పుడు బ్రేకరే ఖరాబైందేమో అని ఏడున్నర ఆంపియర్లది పెడ్దమనుకుంటున్న."

నాకు మండింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లగాడు, ఎన్‌ఐటీల. మా దగ్గరికి ట్రాక్టర్ పట్టుకొచ్చే ఆసామి గూడ ఇట్లనే చెప్తడు: బ్యాటరీ మార్చిన, డైనమో మార్చిన, ఆఖరికి నీ దగ్గరికొచ్చిన. మొదలే వస్తె రెండు వందలతో పోయేది.

"బ్రేకర్ పెద్దది పెట్టినవంటె నేను ఫోన్ పెట్టేస్త" అన్న.

నేను తిట్టినంక వాడు ఒక సంగతి చెప్పిండు, అది నాకు కొత్త. మన బండ్లల ఉండదు. డైనమో అదుపు తప్పి వోల్టేజి 16 దాటితె, ఒక చిన్న డబ్బా కావాల్నని ఫీల్డ్ తీగను ఎర్తుకు కొట్టేస్తదట. అప్పుడు బ్రేకర్ పడుతది, డైనమో బందయితది, లక్షల రూపాయల తెరలు బతుకుతయి. అంటె బ్రేకర్ పడుడు రోగం గాదు. దానికి చెప్పిన పని అది చేస్తాంది. ఇగ తేలాల్సింది వోల్టేజి 16 దాకా ఎందుకు పోతాందని.

ఇక్కడ ఫీల్డ్ అంటె తెలువనోల్లకు రెండు మాటలు. డైనమో లోపల తిరిగే రోటర్‌ల ఒక తీగ చుట్ట ఉంటది. దానికి కార్బన్ బ్రష్‌ల మీదికెల్లి చిన్న కరెంటు ఇస్తె అయస్కాంతం అయితది. మూడు ఆంపియర్లు ఇచ్చి అరవై ఆంపియర్లు తీసుకునుడు అన్నట్టు. ఆ మూడును ఎంత ఇయ్యాలె, ఎప్పుడు తగ్గియ్యాలె అని చూసుకునేదే రెగ్యులేటర్. బ్యాటరీ వోల్టేజి 14.2 కాడ నిలబడేటట్టు ఫీల్డ్‌ను పెంచుకుంట తగ్గించుకుంట ఉంటది. ఇప్పటి కార్లల అది డైనమో లోపల్నే ఉంటది. వాని విమానంల వేరే డబ్బా, పాత జీపులల్ల ఉన్నట్టు.

జీపు అనంగనే నాకు దొరికింది.

నేను ఉస్తాద్ దగ్గర కుదిరిన మూడో ఏడు. ఏటూరునాగారం సర్వీసు కొట్టే జీపు ఒకటి వచ్చింది. మూడు రోజులకోసారి బ్యాటరీల నీళ్ళు ఆవిరైపోతున్నయి. ఆంపియర్ మీటర్ ముల్లు పూనకం వచ్చినట్టు ఊగుతది. ఓనర్ అప్పటికే రెండు రెగ్యులేటర్లు మార్పిచ్చిండు. ఉస్తాద్ డైనమో ముట్టలే. బ్యాటరీ ప్లస్‌కు మీటర్ ఒక తీగ, రెగ్యులేటర్‌ల దిగే తీగకు రెండోది పెట్టి, తాళం తిప్పుమన్నడు. ముల్లు లేచింది. అది లేవొద్దు. ఒకటే తీగ మీద రెండు కొనలు గదా, వాటి నడుమ వోల్టేజి ఎక్కడిది? తాళం స్విచ్ లోపల రాగి బిళ్ళ అరిగి నల్లగైంది. కరెంటు ఆడ నలుగుతాంది.

అల్లునికి ఇది చెప్తె వాడు ఫార్ములాల్లకు పోయిండు. నేను వానికి మిర్చి కాంటా చెప్పిన. కాంటా రెండు కిలోలు తక్కువ చూపిస్తె రైతేం జేస్తడు? బస్తాల ఇంకో రెండు కిలోలు పోస్తడు. కాంటా మీద లెక్క సరిపోతది, బస్తాల మాత్రం ఎక్కువున్నది. రెగ్యులేటర్ గూడ అంతే. వోల్టేజి కొలిచే తీగ, ఫీల్డ్ కరెంటు గుంజే తీగ రెండూ ఒకటే దానికి. నడుమల అతుకు ఖరాబైతె, కరెంటు గుంజినప్పుడల్లా దానికి వోల్టేజి తక్కువ కనపడుతది. తక్కువున్నదని ఇంకా పెంచుతది. పెంచితె అతుకు కాడ ఇంకా పోతది. ఊగుడు అక్కడ మొదలయితది.

"గీసి పంపు" అన్న. ప్లస్ బస్‌బార్, అంటె అన్నిటికీ కరెంటు పంచే పట్టీ, నుంచి రెగ్యులేటర్ దాకా ఆ తీగ ఎక్కడెక్కడ ఆగుతదో, ప్రతి అతుకూ. వాడు గంటల పంపిండు. బస్‌బార్ స్క్రూ, బ్రేకర్, దాని రెండు స్క్రూలు, మాస్టర్ స్విచ్, దాని రెండు లగ్గులు (తీగ కొసకు నొక్కి బిగించే ముక్కలు), ఇంజన్ ముందటి ఇనుప గోడ కాడ ఒక కనెక్టర్, ఇట్ల మొత్తం లెక్క పెడితె 11. బారెడు లేని తీగకు 11 అతుకులు. మా లారీలే నయం.

మల్ల రాత్రి పరీక్ష మొదలు పెట్టినం. దీనికి ఇంజన్ నడిపే పని లేదు, ఇది చానమందికి తెల్వదు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 కాడ ఉంటది, రెగ్యులేటర్‌కు కావల్సింది 14.2. ఇగ అది తన బలమంత పెట్టి ఫీల్డ్‌కు ఫుల్ కరెంటు ఇస్తది. రోటర్ తీగ నాలుగు ఓమ్‌ల దగ్గర్ల ఉంటది కాబట్టి మూడు ఆంపియర్లు నడుస్తది. మనకు కావల్సిందదే. ఊకె ఉన్న తీగను ఎంత కొలిచినా సక్కగనే చూపిస్తది.

"తాళం తీసి జేబుల పెట్టుకో. మ్యాగ్నెటోలు ఆఫ్. ముందటి ప్రొపెల్లర్ రెక్క తిరిగే జాగల ఎవ్వరు నిలబడొద్దు" అన్న. మ్యాగ్నెటో ఎర్తు తీగ ఊడి ఉంటె, చేత్తోని రెక్క తిప్పినా ఇంజన్ అంటుకోవచ్చునట. వాడే చెప్పిండు, నాకు ఆ భయం అప్పటి నుంచి పట్టుకున్నది.

మాస్టర్ స్విచ్ వేసినంక ఒక స్క్రూడ్రైవర్ తీస్కొని, పక్కనుంచి, డైనమో పుల్లీ నట్టు దగ్గరికి తెమ్మన్న. తెచ్చిండు. టక్కుమని అతుక్కున్నది. నవ్విండు, ఆరేండ్ల పిల్లగాని లెక్క. "ఇదేం టెస్ట్ మామా!" అన్నడు. ఫీల్డ్ తీగ తెగలే, బ్రష్‌లు ఆనుతున్నయి, కరెంటు నడుస్తాంది, మూడు సంగతులు ఒక్క స్క్రూడ్రైవర్ చెప్పింది. ఉస్తాద్ దగ్గర పైసా ఖర్చు లేకుంట నేర్చుకున్నది ఇది.

ఇగ కొలుసుడు. వాడు సీట్లు తీసేసి, వెల్లకిల పండి, తల రడ్డర్ పెడళ్ళ కాడ పెట్టి, ఫోన్ ఛాతి మీద నిలబెట్టిండు. నాకు వాని గదవ, దాని మీద మల్టీమీటర్ కనపడుతున్నయి. బస్‌బార్ మీద ఎర్ర తీగ, రెగ్యులేటర్ తీగ మీద నల్లది. 0.24 వోల్టులు.

అంత మంచిది గాదు, అట్లని అంత చెడ్డది గూడ గాదు. 0.24తోని బ్రేకర్ పడదు. వాడు నీరసపడ్డడు. నేను గూడ కొంచెం.

స్విచ్ ఆఫ్ చేపిచ్చిన. ఇంజన్ నడవనప్పుడు డైనమోకు గాలి ఆడదు, మూడు ఆంపియర్లు అట్లనే ఉంచితె రోటర్ వేడెక్కుతది, రెండు నిమిషాలు చాలు. చాయ్ తెచ్చుకొని ఆలోచన చేసిన. 20 నిమిషాలకు వస్తది, కిందికి దిగి చూస్తె ఉండదు. అంటె వేడి. లేకుంటె వణుకుడు. లేకుంటె రెండూ.

"హెయిర్ డ్రయర్ ఉన్నదా?"

హ్యాంగర్‌ల హెయిర్ డ్రయర్ ఎందుకుంటది. వాడు ఇంటికి పోయి భార్యది తెచ్చేసరికి మాకు రాత్రి పదకొండున్నర. అక్క ఇంటికి పోలే, సోఫాల కూసోనే కునుకుతాంది. ప్యానెల్ వెనుక వెచ్చగయ్యేటట్టు ఐదు నిమిషాలు ఊదమన్న, ప్లాస్టిక్ కరగకుంట దూరం నుంచి. మల్ల స్విచ్ వేసి మీటర్ పెట్టిండు.

0.83.

ఇద్దరం కొంచెంసేపు ఏమన్లే.

ఆ తర్వాత ముక్కలు ముక్కలు చేసి కొలుసుడే, ఒక్కో అతుకు ఇవతల ఒక తీగ, అవతల ఒక తీగ. బ్రేకర్ మీద 0.06. స్క్రూలన్ని కలిపి 0.03. స్విచ్ లోపల 0.05. గోడ కాడి కనెక్టర్ 0.05. మాస్టర్ స్విచ్ వెనుక ఉన్న ఒక్క లగ్గు మీద 0.64. వేలుతోని కదిలిస్తె అంకె 0.2 నుంచి 0.9 దాకా ఆడుతాంది. 0.64ను మూడుతోని గుణిస్తె రెండు వాట్లకు దగ్గర, గోరంత లగ్గుల. దాని మీది ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఒక వైపు గోధుమ రంగు తిరిగింది. పైన ఎగిరేటప్పుడు ఫీల్డ్ కరెంటు మూడు కంటె తక్కువే ఉంటది గని, ఇంజన్ వణుకుడుకు ఆ అతుకు మా హెయిర్ డ్రయర్ చూపిన దానికంటె గలీజుగ పని చేసి ఉంటది. ఇంకోటి, రన్‌వే మీద మెల్లగ తిరిగే డైనమోకు అంత బలం ఉండదు. వాని పుల్లీలతోని అది ఇంజన్‌కు మూడున్నర రెట్లు తిరుగుతది. ఇంజన్ 2,400 కొడితె డైనమో 8,400. ఆ స్పీడుల ఫీల్డ్ రవ్వంత పెరిగినా వోల్టేజి ఎగిరి దుంకుతది. కింద సక్కగ ఉండుడు అందుకే.

లగ్గు కట్ చేసి, తొడుగు బ్లేడుతోని చీరి, ఫోన్ కెమెరాకు దగ్గర పెట్టమన్న. ఆ తీగల 19 పోగులుంటయి, వెండి పూత రాగి కాదు, తగరం పూత రాగి, సన్నగ తెల్లగ మెరుస్తయి. తీగ పైపొర తక్కువ గీకిండు. లగ్గు పీక రాగిని పట్టుకోలే, పైపొరను పట్టుకున్నది. ఓ ఐదారు పోగులు మాత్రం కొసకు ఇరికి ఆనుతున్నయి. ఇన్ని గంటలు ఆ ఐదారే మోసినయి. గుంజి చూస్తె గట్టిగనే ఉంటది, అదే మోసం. పట్టు ఉన్నది గని కరెంటు లేదు.

"ఎవడు కొట్టిండురా దీన్ని?"

"నేనే. నాలుగేండ్ల కింద. అప్పుడు మంచి క్రింపింగ్ ప్లయర్ లేకుండె."

మంచి ప్లయర్ అంటె రాచెట్‌ది, పూర్తిగ నొక్కేదాక వదలదు. నేను గూడ మొదటి పదేండ్లు మామూలు పక్కడుతోని నొక్కి పైన టంకం పెట్టినోన్నే, కాబట్టి ఎక్కువ తిట్టలే.

నడుమల వాడు ఇంకో మాట అడిగిండు, అది ఇక్కడ రాయాలె. "మామా, చిన్నప్పుడు నువ్వు బండి నడుస్తుంటె బ్యాటరీ తీగ పీకి డైనమో చూసేటోనివి గదా, అట్ల చూద్దమా?" వద్దు. ఎన్నడు వద్దు. పాత కాలపు అసలు డైనమోలకు అది చెల్లింది, ఇప్పుడు మేం డైనమో అనేది ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్ నడుస్తుంటె బ్యాటరీ పీకినవంటె ఆ కరెంటు పోయే జాగ లేక వోల్టేజి ఒక్కసారి ఎగదన్నుతది. డయోడ్లు (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేటివి), రెగ్యులేటర్, దారిల ఏది దొరికితె అది కాలుతది. నేను ఒక కొత్త కారు మీద ఆ పని చేసి మ్యూజిక్ సిస్టం పైసలు కట్టిన. మన దగ్గర ఇప్పటికీ చేసేటోల్లున్నరు. మీ బండి మీద ఎవరన్న ఆ తీగ పీకబోతె చెయ్యి పట్టుకోండ్రి.

బెల్టు, బ్రష్‌లు, బ్రాకెట్ల పగుళ్ళు, పెద్ద తీగ లగ్గు అన్నీ అదే రోజు చూపిచ్చిన. అన్ని మంచిగనే ఉన్నయి. డయోడ్ గురించి ఒకటే ప్రశ్న అడిగిన: హెడ్‌ఫోన్ల ఇంజన్ స్పీడుతోని పెరిగే సన్నని కూత వస్తాందా? రాలేదన్నడు. ఇగ డయోడ్ ప్లేట్ మీద అనుమానం పక్కన పెట్టిన.

కొత్త లగ్గు కొట్టినంక మొత్తం 11 అతుకుల మీద కలిపి 0.20, హెయిర్ డ్రయర్ ఊదినంక గూడ. శనివారం ఎగిరిండు. గంటా పది నిమిషాలు. కిందికి దిగి తెర ఫొటో పంపిండు, 14.2. అక్క ఆ ఫొటో చూసి "ఇదేంది, జ్వరమా?" అన్నది.

పీకేసిన రెగ్యులేటర్, పీకేసిన డైనమో రెండూ మంచివే. వాని అటక మీద ఉన్నయి.

నేను కథ అయిపోయిందనుకున్న. రెండు రోజులైనంక పొద్దున ఆరింటికి మెసేజ్: "మామా, అదే ప్లయర్‌తోని, అదే ఏడు, నేను ఇంకా ఎన్ని లగ్గులు కొట్టిన్నో లెక్క పెట్టిన. 214." కింద ఇంకేం రాయలే. నేను గూడ ఏం రాయలే, ఫోనే చేసిన. విమానం హ్యాంగర్‌ల ఉన్నది. రోజు ఆఫీస్ నుంచి పోయి, వెల్లకిల పండి, ఒక్కొక్కటి గుంజి, కొలిచి, అనుమానం ఉన్నది కట్ చేసి మల్ల కొడుతున్నడు. నిన్న రాత్రికి 37 అయినయి. అందుల నాలుగు అసుంటివే దొరికినయట, ఒకటి ఫ్లాప్ మోటర్‌ది, రెక్క వెనుక అంచును కిందికి దించేది.